దయ్యాల కొంపకూ ఒక పత్రిక

ఈ అక్టోబరులో పిల్లల కోసం హాలు వెనక గదుల్లో "దయ్యాల కొంప" కట్టాలని మన సంఘం కార్యవర్గం తీర్మానించింది. ఆ మర్నాడే సంపాదకులు ఫోను చేసి, "డాక్టరుగారూ, మీ దగ్గర పాత దయ్యాల పత్రికలేవో ఉన్నాయటగా, వాటిమీద ఒక వ్యాసం రాసి పెట్టండి" అన్నారు. దయ్యాలు వేదాలు వల్లించడం సామెతలో ఉన్నదే. వైద్యుడు దయ్యాలను వల్లించడం మాత్రం కొత్త. అయినా ఒప్పుకున్నాం. ఎందుకు ఒప్పుకున్నామో చివర మనవి చేసుకుంటాం.

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేసి రిటైరయిన ఒక పెద్దమనిషి ఇల్లు మారుతూ రెండు అట్టపెట్టెలు మా కారులో పెట్టి వెళ్ళాడు. ఏటా హాలోవీనుకు తన గరాజును దయ్యాల కొంపగా మార్చి పేటలోని పిల్లలందర్నీ హడలగొట్టిన మనిషి ఆయన. పెట్టెల్లో ఉన్నవి చాలావరకు మేము పుట్టకముందు అచ్చయిన పత్రికలు. నైట్ డ్యూటీ లేని రాత్రులన్నీ కూర్చుని చదివాం. ఇలాంటి సరదాకు పత్రిక ఎలా పుట్టింది, అది చేసిన మేలేమిటి, చేయవలసి ఉండీ చాలాకాలం చేయనిదేమిటి అన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక్క మాట. భయపెట్టే విద్య మొదటినుంచీ గుట్టు విద్యే. మా చిన్నతనంలో ఎగ్జిబిషన్‌కు వచ్చే "భూత్ బంగ్లా" గుర్తుందా? టిక్కెట్టు కొని, చీకట్లో అన్నయ్య చొక్కా పట్టుకుని నడిచి, అవతల తేలి, "లోపల అస్థిపంజరం ఎలా కదిలిందండీ?" అని గేటు దగ్గర మనిషిని అడిగితే, "ఇంకో టిక్కెట్టు కొనుక్కుని చూసుకో బాబూ" అనేవాడు. అతని బతుకు ఆ గుట్టు మీదే ఉంది, తప్పు పట్టలేం. ప్యారిస్‌లో 1798 నుంచి రాబర్ట్‌సన్ అనే ఆయన మాయాదీపంతో, పొగతో దయ్యాలను రప్పించి జనాన్ని బెదరగొట్టాడు. ఆ ప్రదర్శనకు ఫాంటస్మగోరియా అని పేరు. ఆయన దగ్గర పనిచేసి మానినవాళ్ళు సొంతంగా అలాంటిదే పెట్టుకుంటే ఆయన కోర్టుకెక్కాడు. గుట్టు కాపాడుకుందామని వేసిన దావాలోనే గుట్టంతా బయటపడింది, ఆ తరవాత అలాంటి ప్రదర్శనలు ఊరూరా వెలిశాయి. గుట్టు రట్టయ్యాకే విద్య పెరిగిందన్నమాట. పత్రిక చేసే పనీ అదే. కాకపోతే కోర్టు బలవంతం మీద కాక, మనసొప్పి చేస్తుంది.

ఇక పెట్టెల సంగతి. అన్నిటికన్నా అడుగున ఉన్నది "ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్". దాని మొదటి సంచిక 1958లో వచ్చింది. ప్రచురించినది జేమ్స్ వారెన్, సంపాదకుడు ఫారెస్ట్ అకర్మన్. అంతకు ముందు ఏడు, 1957లో, యూనివర్సల్ వారి పాత భయానక చిత్రాలు ఒక మూటగా టెలివిజన్‌కు ఎక్కాయి. తాతలనాటి ఫ్రాంకెన్‌స్టైన్ మనవల ఇంటి హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. ఆ వేడిమీద ఒకే ఒక్క సంచిక వేసి సొమ్ము చేసుకుందామనుకున్నారు వాళ్ళు. అది చేతికందినట్టే అమ్ముడుపోయింది. ఒక్క సంచిక అనుకున్నది ఏళ్ళ తరబడి సాగింది.

చదువరిగా మా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పాలంటే, ఆ పత్రికలో వచనం పేలవం. పేజీకి పది శ్లేషలు, ప్రతి ఫోటో కింద ఒక వెకిలి హాస్యం. పదేళ్ళ పిల్లవాడికి నవ్వు తెప్పించవచ్చు, పెద్దవాళ్ళకు రెండో పేజీకే విసుగు. అయినా అది చేసిన మేలు చిన్నది కాదు. భూతాన్ని చూపించి ఊరుకోలేదు, భూతం వెనక మనిషిని చూపించింది. ఫ్రాంకెన్‌స్టైన్ భూతానికి ఆ చదునైన నెత్తి పెట్టినవాడు జాక్ పియర్స్ అనీ, మూకీల కాలంలో లాన్ చానీ తన ముఖాన్ని తానే వికృతం చేసుకునేవాడనీ పల్లెటూరి పిల్లలకు కూడా తెలిసింది. ఆ రోజుల్లో తెరమీద పేరు వెనువెంటనే మాయమయ్యే పనివాడు ఈ పత్రికలో కథానాయకుడయ్యాడు.

కాని వెనక పేజీలు తిప్పండి. అక్కడంతా దుకాణం. రబ్బరు ముసుగులు, గోరింతలేసి గోళ్ళు, ఇంత డబ్బు పంపండి, అంతలో పోస్టులో వస్తుంది. ఆ దుకాణం కూడా వారెన్‌దే. అంటే ముందు పేజీలు పిల్లవాడిలో కోరిక పుట్టించడం, వెనక పేజీలు ఆ కోరికను కొనిపించడం. చేయడం ఎలాగో చెప్పే పేజీ అరుదు. కొనుక్కోమనే పేజీకి కరువు లేదు. ఏ సరదా పత్రికకైనా ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. పత్రికను పోషించేది ప్రకటన. చేసుకునేవాడు కొనడు కదా!

ఈ జబ్బుకు మందు ఆ ప్రచురణకర్త చేతుల మీదుగానే రావడం విశేషం. 1965లో వారెన్ సంస్థే ఒక ప్రత్యేక సంచిక వేసింది. రాసినవాడు డిక్ స్మిత్. యేల్ విశ్వవిద్యాలయంలో పళ్ళ డాక్టరు కావాలని చేరి, అక్కడ ఒక మేకప్ పుస్తకం కంటబడగా దారి మళ్ళిన మనిషి ఆయన. మా వృత్తివాడు తప్పిపోయాడని మాకు కాస్త బాధ! 1945లో ఎన్.బి.సి. టెలివిజన్‌లో మేకప్ ఉద్యోగిగా చేరి, తరవాత "లిటిల్ బిగ్ మాన్"లో డస్టిన్ హాఫ్‌మన్‌ను నూరేళ్ళు దాటిన ముసలివాణ్ణి చేసి, "ఎక్సార్సిస్టు"లో ఆడపిల్ల ముఖం మీద ఆ ఘోరాలన్నీ చేసింది ఆయనే. అలాంటివాడు తన పిల్లలకూ ఇరుగుపొరుగు పిల్లలకూ చెప్పినట్టు, ఇంట్లో దొరికే సరుకులతో భూతం వేషం ఎలా వేసుకోవాలో వరసగా రాశాడు. తేలికవి ముందు, కష్టమైనవి వెనక. ఏది ఎంత కలపాలి, ఎంతసేపు ఆరనివ్వాలి అని మన అమ్మలు ఆవకాయ పాళ్ళు చెప్పినంత శ్రద్ధగా చెప్పాడు. 1985లో అది పుస్తకంగా మళ్ళీ అచ్చయింది. మా పెట్టెలో ఉన్నది ఆ ప్రతే. అట్టమీద ఆరిన ఎర్రరంగు మరకలున్నాయి. వాడిన పుస్తకమని తెలుస్తూనే ఉంది.

మా లెక్కలో దయ్యాల కొంప పత్రికకు అసలు పుట్టినరోజు అదే. ఎందుకంటే అక్కడ మొదటిసారి, కడుపు నింపే గుట్టు తెలిసినవాడు ఆ గుట్టును చవక కాగితం మీద, చేతిలో నాలుగు డబ్బులున్న ఏ పిల్లవాడైనా కొనుక్కునేట్టు అచ్చు వేయించాడు. ఫలితం కూడా కళ్ళముందే ఉంది. కాలిఫోర్నియాలో రిక్ బేకర్ అనే కుర్రవాడు అది చదివి, స్మిత్‌కు ఉత్తరం రాసి, పద్దెనిమిదేళ్ళప్పుడు న్యూయార్కు దగ్గర ఆయన ఇంటికే వెళ్ళి నేర్చుకున్నాడు. తరవాత "ఎక్సార్సిస్టు"కు సహాయకుడిగా పనిచేశాడు. ఆస్కార్ వారు మేకప్‌కు ఏటేటా బహుమతి ఇవ్వడం మొదలుపెట్టిన తొలి ఏడు, 1982లో, ఆ బహుమతి అందుకున్నది ఈ శిష్యుడే. గురువుకు "అమదేయస్" చిత్రానికి 1985లో గాని రాలేదు. అందుకు ఆయన ఏమీ నొచ్చుకోలేదనడానికి ఆయన జీవితమే సాక్ష్యం. చివరిదాకా ఉత్తరాలు రాసినవాళ్ళకల్లా పాఠం చెబుతూనే ఉన్నాడు.

అయితే స్మిత్ నేర్పింది ముఖానికి. గదికి కాదు. వేషం వేసుకున్న పిల్లవాడు పెరిగి పెద్దవాడై, ఆ వేషాన్ని నిలబెట్టడానికి ఒక చీకటి గది కావాలనుకున్నాడు. 1969 ఆగస్టులో డిస్నీలాండ్‌లో "హాంటెడ్ మాన్షన్" తెరవగా, 1973లో నాట్స్ బెర్రీ ఫామ్ వారు హాలోవీను రాత్రుల వినోదం మొదలుపెట్టారు. ఈ పెద్దలను చూసి 1970లలో ఊరూరా జేసీస్ సంఘాలవారు, స్వచ్ఛంద సేవకులు, పాడుబడిన ఇళ్ళలో, చర్చి నేలమాళిగల్లో, ఖాళీ గోదాముల్లో నల్లగుడ్డలు కట్టి దయ్యాల కొంపలు పెట్టి చందాలు పోగుచేశారు. ఎలా కట్టాలో చెప్పే చేతిపుస్తకాలు సంఘం నుంచి సంఘానికి చేతులు మారాయి. మన సంఘం లాంటివే అవి కూడా. డబ్బు తక్కువ, ఉత్సాహం ఎక్కువ, శనివారం మధ్యాహ్నం తప్ప తీరిక లేనివాళ్ళు.

ఇక్కడ మేము వైద్యులుగా కలం ఆపి ఆలోచించవలసి వచ్చింది. భయం పుట్టించడానికి ఏం కావాలి? చీకటి, ఇరుకు దారి, దిక్కు తెలియని మలుపులు, చెవులు దిమ్మెక్కే చప్పుడు, పొగ, బయటికి దారి కనపడకపోవడం. ఇప్పుడు ఇదే జాబితా అగ్నిమాపక శాఖవారికి చూపించి ఇదేమిటని అడగండి. మనుషులు ఎలా చస్తారో చెప్పే జాబితా అంటారు.

అదే జరిగింది. 1984 మే 11వ తేదీ సాయంకాలం, న్యూజెర్సీలో జాక్సన్ టౌన్‌షిప్‌లో, సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ అనే వినోదవనంలో "హాంటెడ్ కాజిల్" అంటుకుంది. అది కోట కాదు, ఒకదానికొకటి తగిలించిన 17 లారీ ట్రైలర్లు. చక్రాలున్నవి కనుక తాత్కాలికమన్నారు, తాత్కాలికం కనుక నీటి స్ప్రింక్లర్లూ లేవు, పొగ పసిగట్టే యంత్రాలూ లేవు. లోపల గోడకు ఎవరికీ దెబ్బ తగలకుండా మెత్తటి ఫోము అతికించారు. ఒక సిగరెట్టు లైటరు మంట ఆ ఫోముకు అంటుకుంది. పాలీయురెథేన్ ఫోము కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడూ, హైడ్రోజన్ సయనైడూ ఉంటాయి. మొదటిది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది, రెండోది కణం లోపలికి వెళ్ళి ఊపిరి ఆపుతుంది. మనిషి కాలడానికి ముందే స్పృహ తప్పుతాడు. ఎనిమిదిమంది పోయారు. అందరూ పదిహేను, ఇరవై ఏళ్ళ మధ్యవాళ్ళు. లోపలికి వెళ్ళిన అగ్నిమాపకులు ఆ శరీరాలను మొదట బొమ్మలనుకున్నారు. మరుసటి ఏడు జరిగిన విచారణలో జ్యూరీ కంపెనీలను నిర్దోషులంది.

ఆ తరవాత అమెరికా భద్రతా నియమావళి ఈ రకం కట్టడాలకు విడిగా నియమాలు పెట్టుకుంది. శాశ్వతమైనా తాత్కాలికమైనా, చక్రాల మీద ఉన్నా సరే, స్ప్రింక్లర్లు ఉండాలి. పొగ పుట్టిన మరుక్షణం దయ్యాల అరుపులు ఆగి దీపాలు తమంతట తామే వెలగాలి. అంటే భయం ఒక్క మీటతో ఆగేట్టుండాలి. మాకు ఇంతకన్నా మంచి నియమం ఏ కళలోనూ కనపడలేదు.

ఈ కళకు సొంతంగా "హాంటెడ్ అట్రాక్షన్" అనే పత్రిక పుట్టింది 1990లలో, ఆ అగ్నిప్రమాదం తరవాత. దాన్ని ప్రారంభించిన లెనార్డ్ పికెల్ టెక్సాస్‌లో ఆర్కిటెక్చర్ చదువుకున్నవాడు, విద్యార్థిగా హాస్టల్లోనే మొదటి దయ్యాల కొంప కట్టినవాడు. ఆయన పేరు చెబితే ఆ వృత్తిలో అందరికీ గుర్తొచ్చేది ముక్కోణపు గడి. మామూలు ప్లైవుడ్ పలకలను చదరంగా కాక త్రికోణాలుగా నిలబెడితే, మలుపులన్నీ లంబకోణాలకు అలవాటుపడిన మనిషికి రెండో మలుపులోనే దిక్కు తప్పుతుంది. చవక, గట్టి, తెలివైన ఉపాయం. దాన్ని గుట్టుగా దాచుకోక అందరికీ బోధించాడు. ఇందులో ఆయన స్మిత్ వారసుడు.

దిక్కు తప్పించే ఆ ఉపాయమే వైద్యుడికి దిగులు పుట్టిస్తుంది. దిక్కు తప్పినవాడు పొగలో ఎటు పరిగెడతాడు? కాబట్టి ఇలాంటి పత్రికను తూచడానికి మా తూకపురాయి ఒక్కటే: దిక్కు తప్పించే పేజీకి ఎదురుగా దారి చూపించే పేజీ ఉందా? "మా కొంప చూడండి ఎంత బాగుందో" అన్న ఫోటోల పక్కన "మా దగ్గర ఫలానా తప్పు జరిగింది, మీరు చేయకండి" అన్న ఉత్తరం ఉందా? మా పెట్టెల్లో మొదటి రకం కుప్పలుగా ఉంది, రెండో రకం ఏరుకోవాలి. స్మిత్ పేరుమీద పనివాళ్ళందరూ వాడే నకిలీ రక్తపు పాళ్ళనే తీసుకోండి. మొక్కజొన్న పాకం, రంగులు, వాటితోపాటు ఫోటోలు కడిగేటప్పుడు వాడే ఒక ద్రావకం. చూడ్డానికి అచ్చం రక్తమే. ఆ ద్రావకం విషం కనుక ఆ రక్తం నోట్లో పోసుకునేది కాదు. పాళ్ళు పదిమందికి చేరినంత వేగంగా ఆ చివరి వాక్యం చేరుతుందా? చేరదు. రుచి చెప్పినంత ఇదిగా పథ్యం ఎవరు చెబుతారు?

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. రోగి పోయినా, పోవలసినంత పనైనా, వారం తిరక్కుండా డాక్టర్లందరం ఒక గదిలో కూర్చుని ఎక్కడ పొరబాటు జరిగిందో వరసగా చెప్పుకుంటాం. తిట్టడానికి కాదు, రెండోసారి జరగకుండా. ఆ గదిలో నిలబడి తన తప్పు తాను చదవడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుసు. కాని వైద్యం నాటు పద్ధతి దాటి శాస్త్రమయింది అలాంటి గదుల వల్లనే. సరదా పత్రిక కూడా ఆ గదిని తన పేజీల్లో కట్టుకున్ననాడే పెద్దదవుతుంది. అందాకా అది బొమ్మల దుకాణానికి చీటీ మాత్రమే.

ఇంత తీర్పు చెప్పినవాళ్ళం మన పత్రికను మాత్రం వదిలిపెడితే న్యాయం కాదు. మన ఈ సంచికలు పాతవన్నీ తిరగేశాం. ఉగాది కవిసమ్మేళనం "దిగ్విజయం", వనభోజనాలు "అపూర్వం", నాటకం "న భూతో న భవిష్యతి". దాతల పేర్లు, ఫోటోలు. ఒక్క తప్పు లేదు, ఒక్క పొరబాటు లేదు. మనం మనుషులమేనా అని అనుమానం వచ్చింది.

రెండేళ్ళ కిందట మన హాలోవీను రాత్రి గురించి "పిల్లలు ఎంతో ఆనందించారు" అని ఒక్క వాక్యం అచ్చయింది. ఆ వాక్యం రాసింది మేమే. జరిగింది ఇది. వెనక గది, పది అడుగులకు పది అడుగులు. కిటికీకి నల్ల ప్లాస్టిక్ కట్టి, తలుపు సందులకు దుప్పటి కుక్కాం, వెలుతురు రాకూడదని. మధ్యలో బల్ల, బల్లమీద గిన్నెలో వేడినీళ్ళు, అందులో 5 పౌన్ల డ్రై ఐస్. తెల్లటి పొగ బల్ల అంచుల మీదుగా జారి నేలమీద పరుచుకుంటుంటే అందరూ ఆహా అన్నారు. బల్లకింద తొమ్మిదేళ్ళ పిల్లవాడు దయ్యమై కూర్చున్నాడు, వచ్చినవాళ్ళ కాళ్ళు పట్టుకోవడానికి.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. 5 పౌన్లు కరిగితే వెయ్యి లీటర్లకు పైచిలుకు వాయువు వస్తుంది. అది ఆ గదిలో నలుమూలలా సమంగా కలిసినా 5 శాతం దాటుతుంది. 4 శాతం దగ్గరే ప్రాణాపాయమని ఈ దేశంలో పనిచోట్లకు గీత గీశారు. నేలమీద కూర్చున్న పిల్లవాడి ముక్కు దగ్గర ఎంత ఉందో ఊహించుకోండి. ముప్పావుగంట తరవాత వాళ్ళమ్మ "బాబేడండీ?" అని అడిగితే గాని మాకు గుర్తు రాలేదు. దుప్పటి లాగి చూస్తే పిల్లవాడు రొప్పుతూ, తల నొప్పంటూ, కళ్ళు తేలవేస్తున్నాడు. ఎత్తుకుని బయట పచ్చికమీద పడుకోబెట్టాం. పది నిమిషాల్లో తేరుకున్నాడు. దేవుడి దయ. మర్నాడు బడికి వెళ్ళాడు. వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, పైగా థాంక్స్ చెప్పింది.

ఇంతసేపూ పత్రికల పద్ధతిలో "మేము" అంటూ వచ్చాం. ఈ ముక్కలో మాత్రం ఆ "మేము" వెనక కార్యవర్గం లేదు, స్నేహితులు లేరు. డ్రై ఐస్ కొనుక్కొచ్చింది, దుప్పటి కుక్కింది, ఆ వాయువు గుణాలు మెడికల్ కాలేజీలో చదివి పరీక్ష రాసి పాసయింది ఒక్కరే. ఆమెకు ఆ రాత్రే చెప్పవలసింది. చెప్పలేదు. థాంక్స్ తీసుకుని ఊరుకున్నాం. ఈ అచ్చు పత్రిక వాళ్ళింటికి పోయేలోపు మేము వెళ్ళి చెప్పి వచ్చాం.

వ్యాసం రాయడానికి ఎందుకు ఒప్పుకున్నామో ఇప్పటికి తెలిసి ఉంటుంది. దయ్యాల కొంప మానేయమని మా సలహా కాదు. భయపడి, బయటపడి, పక్కవాణ్ణి చూసి నవ్వడం పిల్లలకు మంచిదే. కట్టండి. కాని డ్రై ఐస్ వద్దు. ప్రతి గదికీ రెండు దారులుండాలి. పరుపుల ఫోము, నల్ల ప్లాస్టిక్ వద్దు, మంట అంటుకోని గుడ్డ దొరుకుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు పొగ గదులు, మూర్ఛలున్నవాళ్ళకు మిణుకుమిణుకు దీపాల గదులు పనికిరావని గుమ్మం దగ్గరే తెలుగులో రాసి పెట్టండి. దయ్యంగా కూర్చున్న పిల్లల్ని పావుగంటకోసారి పేరుపెట్టి పిలిచి చూసే మనిషి ఒకరుండాలి. దీపాల మీట ఎక్కడుందో అందరికీ తెలియాలి, దాని దగ్గర ఒకరు నిలబడాలి. అగ్నిమాపక శాఖవారిని ముందే పిలిచి చూపించండి. పిలిస్తే వస్తారు.

మీట దగ్గర నిలబడే పని మాకివ్వమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. సంపాదకులకు మరో మనవి. నవంబరు సంచికలో ఫోటోల పేజీకి ఎదురుగా ఒక పేజీ ఖాళీ ఉంచండి. ఆ రాత్రి ఏం తప్పులు జరిగాయో ఎవరివి వారు రాసి ఇద్దాం. ఏమీ జరగలేదంటే ఆ పేజీ ఖాళీగానే అచ్చు వేయండి. "ఎంతో ఆనందించారు" అన్న వాక్యం మాత్రం ఈసారి మా చేత రాయించకండి.